సార్ చెప్పింది తప్పని చెప్పే ఉద్యోగం

పెద్ద టెక్నాలజీ కంపెనీలో ఇంజనీరుగా పని చేసి రిటైరయ్యానని చెబితే, కాశీబుగ్గలో మా వీధివాళ్లు రెండే అడుగుతారు. అక్కడ భోజనం ఉచితమట కదా, నిజమేనా అన్నది ఒకటి. మా ఫోను నెమ్మదిగా నడుస్తోంది, కాస్త చూసి పెడతారా అన్నది రెండోది. మొదటిదానికి నిజమేనంటాను. రెండోది నాకు చేతకాదంటే ఎవరూ నమ్మరు. మరి ఇన్నేళ్లూ ఏం వెలగబెట్టినట్టు అన్న ప్రశ్న వాళ్ల మొహాల్లోనే కనబడుతుంది.

ఇన్నేళ్లూ నేను చేసింది ఫోనులో దారి చూపించే మ్యాపుల పని. హైదరాబాదు ఆఫీసులో. దానితోపాటు కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే పని కూడా నెత్తిన పడింది. అది ఇష్టంగానే చేశాను. ప్రమోషన్లు, జీతాలు, విమాన ప్రయాణాలు ఇక్కడ రాయను. అవి ఎవరికైనా ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లకు ఆవులింతలు వస్తాయి. ఈ ఉద్యోగంలోకి రావాలనుకునే మన వైపు పిల్లలకు ఒకే ఒక్క సంగతి చెప్పాలని కూర్చున్నాను. అది ఉద్యోగంలో ఉన్నప్పుడు సగమే తెలిసింది. మిగతా సగం రిటైరయ్యాక, హైమ అనే అమ్మాయి వల్ల తెలిసింది.

హైమది నిమ్మాడ. వరి పండించే ఇల్లు. టెక్కలిలో ఇంజనీరింగ్ చదివి విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో చేరింది. ఆ కంపెనీ ఇవాళో రేపో మూతపడేలా ఉంది. నేను పని చేసిన కంపెనీకే ఒకసారి ఇంటర్వ్యూకి వెళ్లి తప్పింది. రెండోసారి పిలుపు వచ్చాక, ఎవరో చెబితే నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఈసారీ పోతే ఇక ఈ ప్రయత్నాలు కట్టిపెట్టి, పలాసలో మేనమామ నడిపే జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆఫీసు పని చూసుకుంటానని ఇంట్లో తనే మాటిచ్చేసింది. ఆ పనికేం, మర్యాదైన పనే. కానీ ఆ మాట చెబుతున్నప్పుడు ఆ పిల్ల గొంతు వింటే, తనకు కావలసింది అది కాదని ఎవరికైనా తెలుస్తుంది.

"నేను ఎవరికీ ఫోన్ చేసి సిఫారసు చెయ్యను," అని ముందే చెప్పాను.

"వద్దండి మేడమ్," అంది. అప్పట్లో నాతో అన్నింటికీ అవునండి మేడమ్, వద్దండి మేడమ్ తప్ప ఇంకో మాట ఉండేది కాదు.

పనంటే ఏమిటి

ఇంజనీరంటే రోజంతా కీబోర్డు టకటకలాడించే మనిషని పిల్లలు అనుకుంటారు. అది రోజులో కొంచెమే. ఎక్కువ భాగం ఇతరులు రాసిన ప్రోగ్రాము చదవడం, అందులో తప్పేమిటో చెప్పడం, మనం రాసిందానిలో తప్పేమిటో వాళ్లు చెబుతుంటే మూతి ముడుచుకోకుండా వినడం. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎంత పెద్ద ఇంజనీరు రాసినా సరే, ఇంకొకరు చదివి బాగుందని ఒప్పుకుంటేగాని ఒక్క వరస కూడా మ్యాపులోకి ఎక్కదు. ఆ చదివేవాళ్లు నిన్నగాక మొన్న చేరినవాళ్లైనా కావచ్చు.

నేను చేరిన కొత్తలో, నాకంటే చాలా చిన్నమ్మాయి నేను రాసినదాని కింద ఇది ఎందుకు, అది ఎందుకు అని వరసగా ప్రశ్నలు పెట్టింది. ఆ మధ్యాహ్నం ఆ ఉచిత భోజనం కూడా సయించలేదు. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ చదివితే అన్నీ నిజమే. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా నన్ను అనలేదు, నేను రాసినదాన్ని అంది. ఈ రెండింటికీ తేడా ఒంటికి పట్టడానికి నాకు చాలాకాలం పట్టింది. పెరిగిన పద్ధతి అలాంటిది మరి. మా సొంతూరు పూండిలో పెద్దవాళ్లు రాసినదాన్ని తప్పంటే ఆ పెద్దవాళ్లనే అన్నట్టు.

జీడితోటలో పెళ్లి బస్సు

మ్యాపులో రోడ్లు ఎక్కణ్నించి వస్తాయో చాలామందికి తెలియదు. కొన్ని ప్రభుత్వం దగ్గర్నించి, కొన్ని పైనుంచి తీసిన ఫొటోల నుంచి. ఇంకొన్ని మన ఫోన్ల నుంచే. ఒకచోట ఫోన్లు అదేపనిగా అటూ ఇటూ కదులుతుంటే అక్కడో దారి ఉన్నట్టేనని యంత్రం అనుకుంటుంది. ఎన్ని ఫోన్లు కదిలితే దారి అని నమ్మాలన్నది మనం చెప్పాలి.

మా టీం లీడ్ కులకర్ణి గారు పుణే మనిషి. మంచివాడు, తొందర మనిషి. పల్లెటూళ్లలో రోడ్లు మ్యాపులోకి రావడం లేదు, ఆ లెక్క బాగా తగ్గించండి అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. తీరప్రాంతం చూసే కుర్రాడు కిరణ్ తగ్గించేశాడు. కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం పూండి నుంచి దానియేలు బావ ఫోన్ చేశాడు. మా పెద్దమ్మ అల్లుడు, చర్చిలో అన్ని పెళ్లిళ్లకూ బస్సులు మాట్లాడేది ఆయనే.

"ఏటి ఎస్తేరూ, మీ మేపు మా పెళ్లి బస్సుని జీడితోటలోకి తోలీసినాది. సక్రాలు ఇసకలో కూరుకుపోనాయి. పెళ్లికొడుకు సూటేసుకొని బస్సు తోస్తన్నాడు," అన్నాడు.

బావతో మాట్లాడితే నా నోటికి పూండి దానంతటదే వచ్చేస్తుంది. "మీ డ్రైవరుకి కళ్లు నేవేటి బావా? ముందల తోట ఉన్నాదని తెల్దా?"

"తెలుసు. కాని ఫోన్ల ఆడమనిసి తిన్నగా ఎల్లు, తిన్నగా ఎల్లు అంతన్నాది. ఆవిడంత గట్టిగా సెప్తంతే ఈడు ఎలగ కాదంతాడు?"

పెళ్లికొడుకుని ట్రాక్టరెక్కించి చర్చికి చేర్చారట. పాస్టరు గారు ఇంకో రెండు పాటలు పాడించి కాలక్షేపం చేయించారట. నేను నవ్వాను గాని, ఆఫీసుకి వెళ్లి చూస్తే మా తప్పు కళ్లకు కట్టినట్టుంది. జీడి పంట ఏరే రోజుల్లో మా ఉద్దానం ప్రాంతపు తోటల్లోకి జనం, ఆటోలు, ట్రాక్టర్లు తెగ తిరుగుతాయి. ఆ తిరుగుళ్లనే మా యంత్రం రోడ్డనుకుంది. పంట అయిపోయాక అక్కడ మిగిలేది ఇసకే.

కిరణ్‌ని పిలిచి అడిగాను. "నాకు అనుమానం వచ్చింది మేడమ్. ఈ కదలికలు ఆ కొన్ని నెలలే ఉన్నాయి, మిగతా ఏడాదంతా ఏమీ లేవు. అది రోడ్డు కాదేమోనని అనుకున్నాను," అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"సార్ తగ్గించమన్నారు కదా మేడమ్."

కులకర్ణి గారు పక్కనే ఉన్నారు. అరుస్తారేమో అనుకున్నాను. అరవలేదు. "నాకు తెలియనిది నీకు తెలుసు. నీకు జీతం ఇస్తున్నదే దానికి. అది నీ దగ్గరే దాచుకుంటే నేనేం చెయ్యను?" అన్నారు. ఆ తర్వాత ప్రతి సోమవారం తన ప్రణాళికలో ఒక తప్పు వెతికి తెమ్మని కిరణ్‌కి పని పెట్టారు. మొదటి వారాలు కిరణ్ అక్షరదోషాలు పట్టుకొచ్చాడు. కులకర్ణి గారు వాటికి కూడా గంభీరంగా థాంక్స్ చెప్పారు. వేసవి వచ్చేసరికి అసలైన తప్పులు రావడం మొదలైంది, ఈయన మొహం కాస్త ముడుచుకోవడమూ మొదలైంది. అయినా ఆ సోమవారాలు ఆపలేదు. నేను చూసిన పైవాళ్లలో ఈయనే మేలైనవాడని అందుకే అంటాను. తప్పులు చేయని పైవాడు ఎక్కడా ఉండడు. తన తప్పు చెప్పినవాడికి ఇంకో పని ఇచ్చేవాడు దొరికితే ఆ టీం వదలకండి.

బల్లకి అటువైపు నుంచి

ఆ బస్సు తర్వాత నేను ఇంటర్వ్యూ చేసే తీరు మారిపోయింది.

ముందుగా, ఇంటర్వ్యూ ఎలా సాగుతుందో చెబుతాను. ముప్పావుగంట ఒక ఇంజనీరు మీతో కూర్చుంటాడు. ఒక లెక్క ఇస్తాడు. అలా నలుగురైదుగురు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎవరికి వారు తాము చూసింది రాసి పంపుతారు. మిమ్మల్ని ఎన్నడూ చూడనివాళ్లు కొందరు ఆ రాతలు చదివి తీసుకోవాలో వద్దో తేలుస్తారు. అంటే మీ తెలివి మీ తలలో ఎంతున్నా, అది ఎదుటివాడి రాతలోకి ఎక్కాలి. లేకపోతే లేనట్టే.

జవాబు సరిగ్గా వస్తే ఉద్యోగం వచ్చినట్టేనని కోచింగ్ సెంటర్లలో చెబుతారు. నేను సరైన జవాబు చెప్పినవాళ్లను వద్దన్న రోజులున్నాయి, బట్టీ పట్టిన జవాబు మొహం మీదే తెలిసిపోతుంది. లెక్క పూర్తి చెయ్యలేనివాళ్లను తీసుకోండని రాసిన రోజులూ ఉన్నాయి. ఇంగ్లీషు గురించి అనవసరంగా భయపడతారు. తడబడే ఇంగ్లీషుని ఎవరూ పట్టించుకోరు. నేను చూసేది ఒక్కటే: నువ్వు చెప్పినదాన్ని నేను కాస్త నెడితే ఏం చేస్తావు? నిజంగా ఇది పని చేస్తుందా అంటే, ఒకడు మొండికేస్తాడు. ఒకడు ఆగి, మళ్లీ చూసి, అవును పని చేస్తుంది, ఇదిగో ఎందుకంటే, అంటాడు. వీడు నాకు కావాలి.

మన జిల్లా పిల్లలు ఎక్కువగా ఏం చేసేవారంటే, అవునండి, మీరు చెప్పిందే కరెక్టండి, అని సరైన జవాబుని చెరిపేసేవారు. పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పడం పొగరని మనకు పాలతో పట్టించారు. అవతల ఢిల్లీలోనో బెంగళూరులోనో కూర్చున్నవాడికి అది మర్యాదని ఎలా తెలుస్తుంది? తను చెప్పినదాని మీద తనకే నమ్మకం లేదు, అని రాసేస్తాడు. అందరి రాతలూ చేరాక మాకూ చూపించేవారు, ఆ వాక్యం ఎన్నోసార్లు చదివాను. ఆ రాత అబద్ధం. కానీ ఆ గదిలో కనబడింది మాత్రం అదే.

కొందరు కావాలనే తప్పు దారి చూపించి పరీక్షిస్తారు. నాకు నచ్చని పని అది. నిజానికి దాని అవసరం కూడా లేదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మామూలుగానే చాలా తప్పులు మాట్లాడతారు, ఒప్పుకోరంతే.

కదలని గూడ్సు బండి

హైమ శనివారాలు వచ్చేది. మొదటి రోజే ఒక లెక్క ఇచ్చాను. పలాస స్టేషనుకి రోజుకి ఇన్ని బండ్లు వస్తాయి. ఏది ఎప్పుడొస్తుందో, ఎప్పుడు వెళుతుందో తెలుసు. ఏ బండీ బయట ఆగకుండా ఉండాలంటే తక్కువలో తక్కువ ఎన్ని ప్లాట్‌ఫారాలు కావాలి? పాత లెక్కే. ఆ పిల్ల తెల్లబోర్డు మీద చకచకా చేసేసింది. చాలా చక్కగా చేసింది.

అప్పుడు నాకు నచ్చని ఆ పనే చేశాను. "ఇంత ఎందుకు? వచ్చిన ప్రతి బండినీ దాని ముందు వచ్చిన బండితో పోల్చి చూసుకుంటే సరిపోతుంది కదా?" అన్నాను.

అది తప్పు. ముందు బండి వెళ్లిపోయినా, అంతకుముందెప్పుడో వచ్చిన గూడ్సు ఇంకా ఒక ప్లాట్‌ఫారం పట్టుకుని నిలబడి ఉండొచ్చు. పలాస స్టేషనులో గంటసేపు కూర్చున్నవాళ్లెవరికైనా తెలిసిన విషయం ఇది. హైమకి బాగా తెలుసు. ఒక్క క్షణం బోర్డు వైపు, ఒక్క క్షణం నా వైపు చూసింది. "అవునండి మేడమ్, సరిపోతుంది," అని తను రాసిందంతా అరచేత్తో తుడిచేసింది.

"నేను చెప్పింది నమ్మావా?"

"నమ్మలేదండి."

"మరెందుకు చెరిపేశావు?"

"మీరు చెప్పారు కదండి."

కిరణ్ మాటే. నాకు కోపం వచ్చింది. మొదటి ఇంటర్వ్యూలో ఏం జరిగిందో అడిగాను. ఇదే జరిగిందట. సరైన జవాబు చెప్పి, ఇంటర్వ్యూ చేసినాయన అలా కాదేమో అనగానే చెరిపేసిందట. అంటే ఈ అమ్మాయి పోగొట్టుకున్నది తెలియక కాదు. తెలిసీ పోగొట్టుకుంది. ఈసారీ అలాగే పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉంది.

ఆ తర్వాత చాలా తంటాలు పడ్డాను. బతిమాలాను, కసిరాను. మర్యాదగా కాదనడానికి పనికొచ్చే ఇంగ్లీషు వాక్యాలు కొన్ని బట్టీ పట్టించాను. అవి అప్పజెప్పేది బాగానే. కానీ నేను తప్పు చెప్పినప్పుడు ఊరుకుని, సరిగ్గా చెప్పినప్పుడు ఆ వాక్యాలు వాడేది. ఇద్దరం తల పట్టుకునేవాళ్లం.

మావయ్య వచ్చిన శనివారం

ఒక శనివారం హైమని తీసుకెళ్లడానికి మేనమామ అప్పారావు బండి మీద వచ్చాడు. జీడిపప్పు ఫ్యాక్టరీ ఆయనదే. టీ ఇచ్చాను. తాగుతూ, పప్పు ఆరబెట్టే గదిలో ఇకమీదట రెండు దఫాల పప్పు ఒకేసారి పెట్టేస్తానని, కరెంటు కలిసొస్తుందని నాకు చెబుతున్నాడు. నేను తలూపుతున్నాను. పక్కనుంచి హైమ అందుకుంది.

"నీకేటి తెలుసు మావా? ఆరిన పప్పు పక్కన తడి పప్పు ఎడితే, ఆరింది మల్లీ తడి లాగీదా? అప్పుడు పైతోలు రాదు. పప్పు ముక్కలైపోతాది."

"ఓలే, నువ్వు పుట్టకముందునుంచీ పప్పు ఆరబెడతన్నాను నాను."

"అయితే నాను పుట్టకముందునుంచీ తప్పే సేత్తన్నావు."

అప్పారావు పగలబడి నవ్వాడు. "సూసినారా అమ్మా దీని నోరు," అన్నాడు నాతో, మురిపెంగా. ఆ తర్వాత కాస్త ఆలోచించి, ముందు ఒక దఫా చేసి చూస్తానని కూడా ఒప్పుకున్నాడు.

నేను టీ కప్పు చేతిలో పట్టుకుని అలా చూస్తుండిపోయాను. నెలరోజులుగా నా ఇంట్లో అవునండి మేడమ్ అంటున్న పిల్లేనా ఇది? అప్పుడు నా బుర్రకి తట్టింది. మన వైపు కాదనడం రాకపోవడమేమిటి? బజారులో ముక్కూ మొహం తెలియనివాణ్ని కూడా బావా అని పిలిచి వాడి మాటని ఇరవై రకాలుగా కాదంటాం. బావనీ, మావనీ, అత్తనీ ఎంత ఎదిరించినా ఎవరూ తప్పు పట్టరు. ఎదిరించకపోతేనే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. సార్ అన్నామా, మేడమ్ అన్నామా, అక్కడితో నోటికి గడియ పడిపోతుంది. నేను ఇన్నాళ్లూ ఆ పిల్లకి లేనిది నేర్పాలని చూశాను. ఉన్నదాన్ని పిలిస్తే చాలు.

"ఇవాళ్టి నుంచి నన్ను మేడమ్ అనకు. అత్తా అను," అన్నాను.

"బాగోదండి," అంది.

"మీ నాన్నకి నేను అక్కలాంటిదాన్నే. ఏం అప్పారావ్?"

"అంతే కదా మరి. అత్తా అనీ," అన్నాడు అప్పారావు.

మళ్లీ బోర్డు దగ్గర నిలబెట్టి, మళ్లీ ప్లాట్‌ఫారాల లెక్కే ఇచ్చి, మళ్లీ అదే తప్పు మాట అన్నాను. "ముందు బండితో పోల్చుకుంటే సరిపోదా?"

హైమ మేనమామ వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "సాలదత్తా," అంది. మొదట మెల్లగా. "అంతకుముందెప్పుడో వొచ్చిన గూడ్సు కదలకుండా అక్కడే ఉంతే? దాన్నేటి సేత్తారు, ఎత్తి పక్కనెడతారా?"

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషంలోనే ఒక సలహా ఇచ్చేశాను. "ఇంటర్వ్యూలో ఎదురుగా ఎవరున్నా సరే, మనసులో బావా అనుకో. పైకి మాత్రం ఇంగ్లీషులో మర్యాదగా చెప్పు." చాలా గొప్ప సలహా ఇచ్చానని అనుకున్నాను.

కిటికీలోంచి వచ్చిన మాట

నిమ్మాడలో ఇంటర్‌నెట్‌ని నమ్మలేమని, వీడియో ఇంటర్వ్యూకి హైమ మా ఇంటికే వచ్చింది. ముందు గదిలో తలుపేసుకుని కూర్చుంది. నేను సాయం చేశానని రేపెవరూ అనకూడదని వరండాలోకి వచ్చేశాను. అప్పారావు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మాటలు సరిగ్గా వినబడవు గాని, గొంతు తెలుస్తుంది. ఒక్కొక్క విడతా గడిచింది. మధ్యలో బయటికి వచ్చి మంచినీళ్లు తాగి మళ్లీ లోపలికి వెళ్లింది.

చివరి విడత మధ్యలో, కిటికీలోంచి స్పష్టంగా, గట్టిగా వినబడింది.

"కాదు బావా, అలగ కాదు."



అప్పారావు కుర్చీలో నిటారుగా అయ్యాడు. "ఏటది? ఎవుల్ని బావా అంతన్నాది?"

నా గొప్ప సలహా మనసులో ఉండాల్సింది నోట్లోకి వచ్చేసింది. ఆ పిల్ల ఇన్నాళ్ల కష్టం నా తెలివితేటలతో పాడు చేశాననుకున్నాను. కాసేపటికి మళ్లీ హైమ గొంతు వినబడింది, ఇంగ్లీషులో, నిదానంగా. చాలాసేపు ఆ గొంతే వినబడింది.

బయటికొచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. "పోయినట్టే అత్తా," అని గడప మీద కూలబడింది.

"ముందు ఏం జరిగిందో చెప్పు."

"ఫోన్ల టికెట్టు బుక్ సేత్తే, ఆ కబురు అవతలి కంప్యూటరుకి ఎల్తాది కదా. అందిందని అది బదులు పంపాల. బదులు రాకపోతే ఏటి సేత్తావు అని లెక్క. నాను సెప్తంతే ఆయన మద్దిన తొందరగా, బదులు రానేదంతే కబురు అందనేదనే కదా, మల్లీ పంపీ, అయిపోద్ది, అన్నాడు."

"అది తప్పు కదే."

"తప్పే. కబురు అంది ఉండొచ్చు, ఆ బదులే దారిలో తప్పిపోయి ఉండొచ్చు. మల్లీ పంపితే ఒక మనిసికి రెండు సీట్లు బుక్కయిపోతాయి. నాకు అది కళ్లముందు కనబడిపోనాది. నోట్లోంచి వొచ్చీసింది."

"ఆయనేమన్నాడు?"

"బావా అంతే ఏటని అడిగినాడు. అబద్దమాడ్డం రానేదు. మా ఊర్ల బయం నేకుండా కాదని సెప్పుకోడానికి ఒక సుట్టం ఉంతాడు సార్, ఆ సుట్టాన్ని పిలిసే పేరది, అని సెప్పీసినాను."

అప్పారావు నెమ్మదిగా ఊపిరి వదిలాడు. "నవ్వినాడేటి?" అని అడిగాడు.

"నవ్వనేదు మావా. తల దించుకొని ఏటో రాసుకున్నాడు. తరవాత, అయితే కాసేపు నన్ను ఆ సుట్టమే అనుకో, ఎందుకు కాదో సెప్పు, అన్నాడు. సెప్పినాను. అంతా విని, అవును, నేను తొందరపడ్డాను, అన్నాడు. అంతే."

ఆ రాతలో ఆయన ఏం రాశాడో నాకు తెలియదు. తెలుసుకోకూడదు కూడా. పాత అలవాటు కొద్దీ మనసులోనే రెండు రకాలుగా రాసి చూసుకున్నాను. ఒకదానిలో మర్యాద తెలియని అమ్మాయి, ఇంకోదానిలో నా తప్పు పట్టుకున్న అమ్మాయి. రెండూ నిజంలాగే ఉన్నాయి. ఫలితం వచ్చేదాకా ఆ రోజులు నాకు బాగా గడవలేదు, నా సొంత ఇంటర్వ్యూకి కూడా అంత కంగారు పడలేదు. అప్పారావు ఒకరోజు బజారులో కనబడి, ఫ్యాక్టరీ ఆఫీసులోకి ఒక మంచి కుర్చీ కొన్నానని చెప్పాడు. "హైమ రాకపోతే నానే కూకుంతాను. అది ఇక్కడికి రాకుండా ఉంతేనే బాగున్ను," అన్నాడు. ఆయన మీద గౌరవం పెరిగింది.

ఉద్యోగం వచ్చింది.

ఏ టీం

నిమ్మాడ నుంచి తల్లిదండ్రులతో సహా వచ్చి స్వీట్లిచ్చి వెళ్లారు. ఆ తర్వాతి శనివారం హైమ ఒక్కతే వచ్చింది. ఏ టీంలో చేరాలో తన ఇష్టం చెప్పమని కంపెనీ అడిగిందట. అడగడమే ఆలస్యం, నేను సిద్ధంగా ఉన్నాను. ఇంటర్వ్యూ అయిపోయింది కాబట్టి ఇప్పుడు ఫోన్ చేస్తే తప్పు లేదు. కులకర్ణి గారు ఇంకా అక్కడే ఉన్నారు. మ్యాపుల టీంలోకి తీసుకోమంటే ఒక్క మాటలో పని అవుతుంది. ఆయన కింద పని నేర్చుకోవడం ఎంత మేలో, మొదటి ఏడాది ఎలా ఉండాలో చెప్పుకుంటూ పోయాను. మేనకోడలికి సారె సర్దుతున్నంత ఉత్సాహంగా ఉంది నాకు. హైమ టీ పట్టుకుని అంతా వింది.

"వొద్దత్తా," అంది.

"ఎందుకే?"

"అక్కడందరూ మిమ్మల్ని ఎరిగినోల్లు. నాను మీ మనిసిననుకుంతారు. నాను తప్పు సెప్పినా ఎస్తేరు గారి పిల్ల కదాని ఊరుకుంతారు. నాను కరెట్టు సెప్పినా మీరు నేర్పినారనుకుంతారు." టీ ఒక గుక్క తాగింది. "ఆ టికెట్ల లెక్క నాకు బాగా నచ్చినాది. కబుర్లు పంపే టీం ఒకటున్నాది, అది అడిగినాను. మీకు సెప్పకుండానే అడిగీసినాను."

మొదట నొచ్చుకున్నాను. అబద్ధం ఎందుకు, అంత మంచి టీం ఇస్తానంటే కాదంటుందా అనిపించింది. తర్వాత ఆ పిల్ల చెప్పిన ఒక్కొక్క మాటనీ ఇంటర్వ్యూలో జవాబుని చూసినట్టే అటూ ఇటూ నెట్టి చూశాను. ఎక్కడా కదల్లేదు. నేను ఆ బల్లకి అటువైపు కూర్చుని ఉంటే ఈ అమ్మాయిని తీసుకోండని రాసి ఉండేదాన్ని. అది ఎదురుగా నా ఇంట్లో, నా మాటనే కాదంటూ కూర్చుంది. నాకు కళ్లు చెమర్చాయి. ఆ కళ్లు చూపించడం ఇష్టం లేక, టీ చల్లారిపోయినట్టుంది, వేడి చేసి తెస్తానని లేచాను.

"సల్లారనేదత్తా, కూకోండి," అంది.